ఉందని మొక్కండి

ఆగస్టు 4

వదినగారికి,

కంగారు పడకుండా చదవాలి మీరు. ముందే చెప్పేస్తున్నాను, మన మనవరాలు గువ్వ బాగుంది. తాగుతోంది, నిద్రపోతోంది, మీ అన్నయ్యగారు ఎత్తుకుంటే చాలు చొక్కా తడుపుతోంది. ఇప్పుడు ఊపిరి పీల్చుకుని కిందికి రండి.

పుట్టిన మూడో రోజున ఆసుపత్రిలో పిల్ల మడమ మీద సూదితో గుచ్చి, నాలుగు చుక్కలు ఒక మందపాటి కార్డు మీద అద్దుకున్నారు. అందరు పిల్లలకీ చేసేదే అన్నారు, మేమూ మరిచిపోయాం. మొన్న పొద్దున నేనొక పెళ్లికూతురి జాకెట్టుకి కాజాలు కుడుతుంటే ఫోన్ వచ్చింది, పిల్లని తీసుకుని వెంటనే రమ్మని. పళ్ళ మధ్య పట్టుకున్న సూది మింగలేదంటే నా అదృష్టం.

సంగతేమిటంటే, మనం తినే పాలూ పప్పూ గుడ్లూ మాంసం అన్నిటిలో ప్రోటీన్ ఉంటుంది కదా. అందులో ఒక ముక్కని గువ్వ ఒళ్ళు అరిగించుకోలేదట. అది రక్తంలో పేరుకుని మెల్లిగా మెదడుని దెబ్బతీస్తుంది. చూసుకోకుండా వదిలేస్తే బుద్ధి ఎదగదు. కానీ చూసుకున్నారు వదినగారూ! పిల్ల పొత్తిళ్ళలో ఉండగానే పట్టుకున్నారు! ఇక్కడి జన్యువుల డాక్టరమ్మ మన పిల్లలకంటే చిన్నదిలా ఉంది. "తిండి కొలిచి పెడితే అందరిలా చదువుకుంటుంది, పెద్దయ్యాక మీతో పోట్లాడుతుంది కూడా" అంది. వరండాలో అందరూ చూస్తుండగా ఆ అమ్మాయిని వాటేసుకున్నాను.

ఇది వంశంలోంచి వచ్చేదట. మా వైపు ఎవరూ లేరు, అంతా అతితెలివి బాపతే. మీ వైపు బుద్ధి ఎదగనివాళ్ళు ఎవరైనా ఉండేవారా? డాక్టరమ్మ అడగమంది. ఉన్నమాట రాయండి, నేనేమీ అనుకోను.

ఫోన్ చేద్దామంటే మీ గొంతు నాకు ఎప్పుడు వినిపించింది గనక! మీరు మాట్లాడుతుంటే అవతల ఎవరో విసనకర్ర విసురుతున్నట్టుంటుంది. అందుకే ఉత్తరం.

మీ వియ్యపురాలు


ఆగస్టు 11

వదినగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం దేవుడి ముందు పెట్టి, దణ్ణం పెట్టుకుని, తరవాత విప్పాను. మా ఇంటికి ఏది వచ్చినా, మా ఇంట్లోంచి ఏది వెళ్ళినా అక్కడ ఒక పూట ఉండాల్సిందే. మా అబ్బాయి ఓడ ఉద్యోగం కాగితాలు కూడా అక్కడ పడుకుని లేచినవే.

నేను ఉదయం బూత్ తెరిచి, పాల బండి దింపిన క్రేట్లు సర్దుతూ ప్రతి ప్యాకెట్‌నీ అదోలా చూశాను. పాలమ్మి పిల్లల్ని పెంచుకున్న ఇంట్లో పుట్టిన పిల్లకి పాలు పడవట! "ఏమ్మా, పాలు విరిగాయా? ముఖం అలా ఉందేం?" అన్నాడు రోజూ వచ్చే పోస్టుమాస్టరు. పాలు బాగానే ఉన్నాయన్నాను. పాపం, పాలేం చేశాయి.

మీరడిగిన సంగతి. మా వైపు అలాంటివాళ్ళు ఎవరూ లేరు. నాకు తెలియనిదేమైనా ఉందేమోనని మా అత్తగారి అక్కగారి దగ్గరికి కూడా వెళ్ళి అడిగాను. "మా ఇంట్లో జరిగిన బుద్ధితక్కువ పని నిన్ను కోడలిగా తెచ్చుకోవడం ఒక్కటే" అన్నారు. ఆవిడకి తొంభై దాటాయి, అనే హక్కుంది.

మీరేమీ అనుకోనని రాశారు. నేనూ ఏమీ అనుకోలేదు. ఆ వాక్యం దగ్గర కాసేపు ఆగాను, అంతే.

కోడలు ఏడుస్తోందా? పాలిచ్చే తల్లి ఏడవకూడదని చెప్పండి. గువ్వ దీపం చూపిస్తే చూస్తోందా? మనిషిని గుర్తుపడుతోందా? అబ్బాయికి కబురు పంపాను. ఓడ నడిసముద్రంలో ఉందట, జవాబు ఇంకా రాలేదు.

మీ వదిన


ఆగస్టు 29

వదినగారూ, దిగింది! రక్తంలో పేరుకున్నది దిగింది! సగానికి సగం కాదు, ఇంకా కిందికి!

ఇంటికొచ్చి మీ అన్నయ్యగారికి చెబితే ఆయన చెప్పులు లేకుండా వీధిలోకి వెళ్ళి, ఎందుకు వెళ్ళారో తెలియక మళ్ళీ లోపలికి వచ్చారు.

ఆసుపత్రివాళ్ళిచ్చిన ప్రత్యేకం డబ్బా పాలు పడుతున్నాం. ఆ వాసన చెప్పలేను. తడిసిన గోడకి జ్వరం వస్తే అలా ఉంటుంది. గువ్వ మాత్రం పెదవులు చప్పరిస్తూ తాగుతోంది. తల్లిపాలు కూడా ఇన్నని కొలిచే ఇవ్వాలి. మొదటి రోజు మీ కోడలు రొమ్ములు సలుపుతుంటే, పిల్ల చెయ్యి చాపుతుంటే, కొలగ్లాసు పట్టుకుని ఒకటే ఏడుపు. ఇప్పుడు కాటా ముందు బంగారం కొట్టు యజమానిలా కూర్చుంటోంది. ఒక చుక్క ఎక్కువ పోస్తే నన్ను కసురుతుంది. కన్నతల్లిని!

మొన్న రాసిన మాటకి చెంపలేసుకుంటున్నాను. డాక్టరమ్మ కూర్చోబెట్టి చెప్పింది. నేను నా భాషలోకి కత్తిరించుకున్నాను. ప్రతి మనిషిలోనూ ప్రతి పనికీ రెండు మచ్చు కాగితాలుంటాయి, జాకెట్టు కత్తిరించడానికి పెట్టుకుంటామే అలాంటివి. అమ్మ ఇచ్చింది ఒకటి, నాన్న ఇచ్చింది ఒకటి. ఒకటి పాడైనా రెండోదాంతో పని నడిచిపోతుంది, మనిషికి ఏ లోటూ తెలియదు. రెండూ పాడైతేనే చిక్కు. అంటే గువ్వకి మీ వైపు నుంచి ఒకటి, మా వైపు నుంచి ఒకటి వచ్చి ఉండాలి. వియ్యానికైనా కయ్యానికైనా సమఉజ్జీ కావాలని ఊరికే అన్నారా!

ఇప్పుడు మీతో పని. గువ్వ జన్యువుల్లో రెండు మార్పులు కనిపించాయి. ఒకటి మీ కోడల్లో ఉంది. రెండోది ఎక్కడా ఎక్కువగా కనబడనిదట. అది తండ్రి వైపు నుంచి వచ్చిందో కాదో తేలాలి. అల్లుడు ఓడ దిగేది కొత్త సంవత్సరం దాటాకే. అందుకని అతని తల్లి రక్తం కావాలంది డాక్టరమ్మ. కార్డు ఇందులో పెడుతున్నాను. వేలు గుచ్చి చుక్కలు అద్దించి, ఆరబెట్టి, దానిమీదున్న చిరునామాకి నేరుగా పంపండి. అక్టోబరు నెలాఖరు దాటకూడదు. ఏదో మాత్ర సంగతి కూడా చెప్పింది. అది పెద్ద కథ, తరవాత రాస్తాను. పెళ్లికూతురు వచ్చేసింది, జాకెట్టు బిగుతట. ఆ పిల్ల లావైంది గానీ నా కుట్టు బిగుతు కాదు.

మీ వియ్యపురాలు


సెప్టెంబరు 8

వదినగారికి నమస్కారాలు.

రక్తంలో దిగిందన్న మాట మళ్ళీ చదువుకుని బూత్‌లో నిలబడే గట్టిగా నవ్వానట. పక్క కొట్టు మంగలి వచ్చి చూశాడు. "ఇన్నేళ్ళలో మీ నవ్వు వినడం ఇదే మొదలమ్మా" అన్నాడు.

మందుల షాపులో నర్సు నా వేలు గుచ్చి కార్డు మీద చుక్కలు అద్దింది. చిన్నప్పటి నుంచీ నాకు సూదంటే భయం. ఈసారి మాత్రం ఇంకో రెండు వేళ్ళు కూడా చాపాను. "చాలమ్మా, ఒకటి చాలు" అని నవ్వింది. కార్డు ఆరాక ఇంటికి తెచ్చి, సాయంత్రం పూజప్పుడు దేవుడి ముందు దీపం పక్కనే పెట్టి, మర్నాడు పొద్దున్నే కవర్లో పెట్టి పంపాను. ఈపాటికి చేరి ఉంటుంది.

మీరు చెంపలేసుకోవడాలు అవీ వద్దు. కానీ ఒక్క మాట మీతో చెప్పుకుంటాను. నాలో ఆ మార్పు లేదని తేలాలని రెండు పూటలా మొక్కుతున్నాను. ఉందని తేలితే నేను తట్టుకోలేను. ఆయన పోయాక మా అబ్బాయికి నేనిచ్చింది ఏముంది అనుకునేదాన్ని. ఇచ్చింది ఇదా అని నా మనసు పీకుతుంది. అందుకే ఇంకేమీ అడగడం లేదు, నాలో ఉండకూడదు అని ఒక్కటే అడుగుతున్నాను. మీకు పుణ్యం ఉంటుంది, మీరూ ఆ మాటే మొక్కండి.

గువ్వ నవ్విందా? రెండో నెలకి నవ్వాలంటారు.

మీ వదిన


సెప్టెంబరు 25

వదినగారికి,

ఈసారి సరదా మాటలు లేవు.

ఊరికెళ్ళిన పోస్టుమాన్ బస్తా అంతా ఒకేసారి తెచ్చాడు. మీ ఉత్తరం, ల్యాబ్ వాళ్ళ కాగితం పక్కపక్కన వచ్చాయి. మీ కార్డు పరీక్షకి పనికిరాకుండా పాడైపోయిందని ల్యాబ్ వాళ్ళు రాశారు. నాలో లేదని తేలాలి అని మీరు రాశారు. ఈ రెండూ ఒకదాని వెంట ఒకటి చదివితే నాకేమనిపించాలి? మీ కోడలు రెండు కాగితాలూ చదివింది. పిల్లని భుజాన వేసుకుని వెళ్ళి పెరట్లో నిలబడింది. అది చాలు నాకు.

ఇష్టం లేకపోతే లేదనాల్సింది. మేమేమైనా మిమ్మల్ని బోనెక్కించామా?

అసలు మీరు మొక్కేది ఏమిటో తెలుసా? మీలో అది ఉండాలి! ఆ రెండో మార్పు తేలికపాటిది. అలాంటిది ఉన్న పిల్లల్లో కొందరికి ఒక మాత్ర పనిచేస్తుందట. పనిచేస్తే గువ్వ మరికొంచెం మామూలు తిండి తినొచ్చు, రక్తంలో పేరుకోవడం అదుపులో ఉంటుంది, బుద్ధికి ఇంకా భరోసా. కానీ మార్పు తండ్రి వైపు నుంచి వచ్చిందని రూఢి అయితే గానీ ఇక్కడ మాత్ర మొదలుపెట్టరు. ఈ విడతలో తీసుకునే పిల్లల జాబితా అక్టోబరు నెలాఖరుకి మూసేస్తారు. మీరేమో అక్కడ రెండు పూటలా దీపం వెలిగించి, వద్దు వద్దని మొక్కుతున్నారు!

ఆపండి. దయచేసి ఆపండి. లేదా తిరగేసి మొక్కండి. ఉందని మొక్కండి.

మీ కోడలి తల్లి


అక్టోబరు 2

వదినగారికి నమస్కారాలు.

శనివారం బస్సుకి నేనే వస్తున్నాను. ఈ ఉత్తరం కంటే ముందే మీ గుమ్మంలో ఉంటానేమో. అయినా రాస్తున్నాను, ఎందుకంటే ఎదురుగా మీరు మాట్లాడుతుంటే నా మాటకి సందు దొరకదు.

కార్డు నేనే పాడుచేశాను, కావాలని కాదు. మీ ఉత్తరం చదివి దేవుడి గదిలోకి వెళ్ళి చూశాను. కుంది అంచు నుంచి నూనె కారి పీట మీద మరక కట్టింది. కార్డు పెట్టింది సరిగ్గా అక్కడే. కాగితం నూనె పీల్చుకుంటే ఇంక రక్తం ఏం చూస్తారు? ఆ రోజు కవర్లో పెడుతుంటే వేళ్ళకి జిడ్డు తగిలింది. దేవుడి ప్రసాదం అనుకుని కళ్ళకద్దుకున్నాను. మీరు నవ్వినా ఫర్వాలేదు, కోపం మాత్రం పడొద్దు.

ఇంకొకటి. ఉంటే మంచిదన్న సంగతి మీరు ముందు రాయలేదు వదినగారూ. "అది పెద్ద కథ, తరవాత" అని పెళ్లికూతురి జాకెట్టు దగ్గరికి వెళ్ళిపోయారు. నేను తప్పుపట్టడం లేదు. మీరు మాట మధ్యలో వదిలేశారు, నేను మిగతాది భయంతో నింపుకున్నాను.

నిన్న దీపం ముందు కూర్చుని, "స్వామీ, నెల రోజులుగా చెప్పిందంతా కొట్టెయ్యి. నాలో ఉండేలా చూడు" అన్నాను. నా మాట మీద ఆయనకి ఇంకేం నమ్మకం మిగిలి ఉంటుందో! ఇంతకుముందు ఆయన దగ్గర ఎప్పుడూ మాట మార్చలేదు. ఈసారి కార్డు వద్దు, పూజా వద్దు. నేరుగా ఆసుపత్రికి నడిచి చెయ్యి చాపుతాను, ఎంత కావాలంటే అంత తీసుకోమనండి.

బూత్‌ని మంగలి భార్య చూసుకుంటానంది.

మీ వదిన


అక్టోబరు 27

వదినగారూ, ఉంది! ఉంది! ఉంది!

కుట్టు మిషను మీదే కాగితం పెట్టి రాస్తున్నాను, గీతలు వంకరపోతే క్షమించండి. మధ్యాహ్నం డాక్టరమ్మే ఫోన్ చేసింది. గువ్వలో ఉన్న రెండో మార్పు మీలో ఉంది. అచ్చంగా అదే. మీ నుంచి అల్లుడికి, అల్లుడి నుంచి గువ్వకి. జాబితాలో గువ్వ పేరు రాసేశారు! మీ కోడలు పిల్లని రెండు చేతులతో పైకెత్తి "నాయనమ్మ ఇచ్చిందే! నాయనమ్మ ఇచ్చిందే!" అని గిరగిర తిప్పితే, గువ్వ నా జాకెట్టు గుడ్డల మీద కక్కింది. కక్కనీ!

మీరు వచ్చి వెళ్ళిన మర్నాడు గానీ మీ ఉత్తరం రాలేదు. ఇక్కడున్న రెండు రోజులూ మనిద్దరం పిల్ల గురించి తప్ప ఏమీ మాట్లాడుకోలేదు, గుర్తుందా? మీరు నూనె సంగతి చెప్పబోవడం, నేను కాఫీ పెట్టనా అని లేచిపోవడం. ఉత్తరం చదివి మీ కోడలికి ఇచ్చాను. చదివి, "అమ్మా, నువ్వు మాట పూర్తిచెయ్యడం ఎప్పుడు నేర్చుకుంటావు?" అంది. కాబట్టి ఇప్పుడు పూర్తిగా రాస్తాను, వినండి.

మీది అంచు కాస్త వంకరపోయిన మచ్చు కాగితం. దాంతో కుట్టిన జాకెట్టు ఊడిపోతుంది గానీ, రెండు టాకా కుట్లు వేస్తే నిలబడుతుంది. ఆ మాత్ర టాకా లాంటిది. నిలబడుతుందనే డాక్టరమ్మ ఆశ. మా వైపు నుంచి వెళ్ళింది మాత్రం నిలువునా చిరిగిన కాగితం. దానికి టాకా లేదు, ఏమీ లేదు.

అది ఎవరిదో చూద్దామని మేమిద్దరం కూడా రక్తం ఇచ్చాం. మీ అన్నయ్యగారిలో లేదు. "నాలో ఏమీ లేదట!" అని ఆయన కనబడ్డవాళ్ళందరికీ చెప్పుకొస్తున్నారు. ఆయనలో ఏమీ లేదని నాకు పెళ్లైన మొదటి వారమే తెలుసు.

నాలో ఉంది వదినగారూ. చిరిగింది నాది. మీ వైపు ఎవరైనా ఉన్నారా, ఉన్నమాట రాయండి అని మిమ్మల్ని అడిగిందాన్ని నేను. ఇవాళ పొద్దుపోయేదాకా పండగలా ఉన్నాను. ఈ వాక్యం దగ్గరికి వచ్చేసరికి మిషను ఆపేయాల్సి వచ్చింది.

మీ వియ్యపురాలు


నవంబరు 3

వదినా,

గారు తీసేశాను. ఒకే పిల్లలో మనిద్దరి రక్తం పక్కపక్కన కూర్చున్నాక ఇంకా గారేమిటి?

మీ ఉత్తరం ఈసారి దేవుడి ముందు పెట్టలేదు. బూత్ దగ్గరే, చేతులకి పాల తడి ఉండగానే చింపేశాను. చదివి "నాలో ఉందట!" అని అరిచాను. నేను అరవడం! లైనులో ఉన్నవాళ్ళంతా గతుక్కుమన్నారు. పోస్టుమాస్టరు నా చెయ్యి పట్టుకుని "భయపడకమ్మా, ఈ రోజుల్లో అన్నిటికీ మందులున్నాయి" అన్నాడు. మంగలి భార్య కళ్ళనీళ్ళు పెట్టుకుంది. కాదు, మంచిదే, ఉండటమే మంచిది అని నేనెంత చెప్పినా నమ్మరే! చివరికి అందరికీ మచ్చు కాగితాలూ టాకాలూ చెప్పాల్సి వచ్చింది. మీ అంత బాగా రాలేదు. ఇప్పుడు వీధిలో సగంమంది నాకు జాకెట్టు జబ్బు ఉందనుకుంటున్నారు.

ఇక మీ సంగతి. మిషను ఎందుకు ఆపారు? మీలో ఉన్నదాన్ని మీరు చిరిగిందన్నారు. అదే కాగితం మీలోనూ ఉంది, మీ అమ్మాయిలోనూ ఉంది. ఇద్దరూ అతితెలివి బాపతే అని మీరే రాశారు, నేనూ ఒప్పుకుంటాను. నాలో లేదని తేలాలని నేను నెల రోజులు మొక్కాను. నా మొక్కు ఫలించి ఉంటే ఇవాళ గువ్వకి ఆ మాత్ర లేదు. ఏది వరమో ఏది శాపమో అడిగే నాకే తెలియనప్పుడు, మీ ఒక్కరికే తెలిసినట్టు ఏడవడం ఏమిటి? లేచి ఆ పెళ్లికూతురి జాకెట్టు వదులు చెయ్యండి.

నేను మాత్రం ఇక ఏదీ వద్దని మొక్కను. మాత్ర పనిచెయ్యాలని మొక్కుతున్నాను. ఇందులో తిరగేయాల్సింది ఏమైనా ఉంటే ముందే రాయండి.

మీ వదిన


ఫిబ్రవరి 19

వదినా,

ఇవాళ మాట మధ్యలో వదలను. తలుపు గడియపెట్టి, కస్టమర్లని రేపు రమ్మని రాస్తున్నాను.

మాత్ర పనిచేస్తోందని డిసెంబరులోనే రాశాను కదా. ఇప్పుడు ఇంకో మెట్టు. వరసగా అన్ని రక్త పరీక్షల్లోనూ అదుపులో ఉంది. డబ్బా పాలు, కాటా ఎక్కడికీ పోవు, జీవితాంతం కొలతే. కానీ కొలత పెరిగింది. మెత్తగా ఉడికించిన అన్నం చూసి గువ్వ ఎలా నోరు తెరుస్తోందనుకున్నావు! ఓడ దిగొచ్చిన మీ అబ్బాయి గిన్నె పట్టుకుని ముద్ద పెట్టడానికి భయపడుతున్నాడు, తుపాన్లు చూసిన మనిషి.

అసలు కథ ఇవాళ జరిగింది. బుద్ధి ఎలా ఎదుగుతోందో చూస్తామని పిలిచారు. వెళ్ళేముందు ఎవరమూ అన్నం తినలేదు. చిన్న గది, కింద రబ్బరు చాప. డాక్టరమ్మ చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది, గువ్వని ఎదురుగా దిండానించి కూర్చోబెట్టాం. ఎర్ర గిలక్కాయ చూపించి ఆడించింది. గువ్వ చెయ్యి చాపింది. డాక్టరమ్మ చప్పున దాన్ని చాప మీద పెట్టి, పైన గుడ్డ కప్పేసింది.

గిలక్కాయ కనబడటం లేదు. గువ్వ డాక్టరమ్మని చూసింది. నన్ను చూసింది. వాళ్ళమ్మని చూసింది. కింది పెదవి వంకరపోయింది, ఏడుస్తుందనుకున్నాను. మీ అబ్బాయి నా చెయ్యి పట్టుకున్నాడు, ఇంకా నొప్పిగానే ఉంది. మరిచిపోయిందా? ఇంతేనా? అని ఆ గుడ్డ నేనే లాగేద్దామనుకున్నాను.

అప్పుడు గువ్వ ముందుకి వంగింది. నెమ్మదిగా, అచ్చం నీలాగే, ఏ హడావిడీ లేకుండా గుడ్డ అంచు రెండు వేళ్ళతో పట్టుకుంది. ఒక్క లాగు లాగింది!

"కనబడకపోయినా అక్కడే ఉందని తెలుసుకుంది. ఈ వయసుకి ఇంతకంటే ఏం కావాలి?" అంది డాక్టరమ్మ. ఆ అమ్మాయి కళ్ళు కూడా తడిశాయి, మాకు కనబడకుండా తల తిప్పుకుంది. మీ కోడలు ఏడుస్తూ నవ్వుతోంది. మీ అబ్బాయి గోడకేసి తిరిగి నిలబడ్డాడు. మళ్ళీ ఒకసారి చూద్దామని డాక్టరమ్మ గిలక్కాయ మీద గుడ్డ కప్పింది.

గువ్వ ఈసారి గుడ్డవైపు చూడనైనా చూడలేదు. డాక్టరమ్మ జేబులోంచి పెన్ను లాక్కుని నోట్లో పెట్టుకుంది.

ఉదయం బస్సుకి బయల్దేరు వదినా. బూత్ మంగలి భార్యకి అప్పగించు.

నీ వదిన